ఆ కుడిచెయ్యి గురించి ఎవరూ అడగలేదు

మా నియోజకవర్గం నాయకుణ్ణి పట్టపగలు, కారు దిగుతుండగా కాల్చి చంపేరు. నాలుగో రోజున పోలీసులు, చంపినవాడు దొరికేడనీ, కానిస్టేబుల్ తుపాకీ లాక్కుని కాలిస్తే ఎదురుకాల్పుల్లో పోయేడనీ చెప్పేరు. టీవీలో వేసిన ఫొటో, మా తోటలో పదేళ్ళు కొబ్బరి దింపు తీసిన మనిషిది.

చెట్టు మీంచి పడి కుడిచెయ్యి నలిగిపోయేక అతను ఎక్కడం మానేసి, ఉప్పలగుప్తం వైపు ఒక రొయ్యల చెరువుకి కాపలా కుదిరేడు. పడ్డప్పుడు అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మా అరుగు మీద టీ గ్లాసు కూడా ఎడంచేత్తోనే పట్టుకునేవాడు. పోలీసులేమో కుడిచేత్తో రెండుసార్లు కాల్చేడన్నారు.

మార్చురీకి వాళ్ళావిడతో నేనూ వెళ్ళేను. ఆవిడ శవం ముఖం వైపు చూడలేదు. దుప్పటి కింద కుడిచెయ్యి వెతికి పట్టుకుంది.

"మీ ఆయనేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఆయ్. ఆయనేనండీ."

ముడుచుకోని వేళ్ళతో ఎలా కాల్చేడన్న సూటి ప్రశ్న ఎదురుగా ఉంటే, ఊరికి అది రుచించలేదు. నాయకుడు అసలు చావలేదు, విదేశాల్లో ఉన్నాడని ఒకరు. సొంత అల్లుడే చేయించేడని ఇంకొకరు. కాల్చింది మా దింపు మనిషిని కాదు, అతని పోలికలున్న ఎవణ్ణో అని మా బావగారు.

"అసలువాణ్ణి దాచేసేరమ్మా," అన్నారు, మా ఇంట్లో పెసరట్టు తింటూ.

"శవాన్ని నేను చూసేను బావగారూ."

"నీకలా చూపించేరన్నమాట," అని నవ్వేరు.

మా ఇళ్ళల్లో బావగారి ముందునుంచి పళ్ళెం తీసేసిన కోడలు లేదు. నేను తీసేసేను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయేరు. ఇప్పటికీ మాటల్లేవు. అక్కర్లేదు కూడా.

నా కోపం ఆయనొక్కరి మీదే కాదు. రోజూ ఎవరో ఒకరు ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "మీ ఆయన ఫోన్ చేస్తున్నాడా?" అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ఒక మధ్యాహ్నం ఆవిడే మా ఇంటికి వచ్చింది.

"అమ్మగారూ, అందరూ బతికున్నాడంటున్నారండీ. నేనే సరిగ్గా చూళ్ళేదేమో?"

చేత్తో తడిమి పోల్చుకున్న మనిషిని కూడా అనుమానించేలా చేసేరు ఆవిణ్ణి!

మర్నాడే అతని చేతి ఎక్స్‌రే, ఆస్పత్రి చీటీలు పట్టుకుని, ఆ ఎదురుకాల్పుల మీద వేసిన విచారణకి వెళ్ళేను. అధికారి విసుగ్గా, "రోజుకో కథ వస్తోందండి మేడం. మీదేంటి?" అన్నారు.

"కథ కాదండి. ఎముకలు. చూడండి," అని ఎక్స్‌రే బల్ల మీద పెట్టేను. దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసేరు. వాంగ్మూలం రాయించుకున్నారు.

వారం తిరక్కుండా వాట్సాప్‌లో నా ఫొటో. నేను అవతలి పార్టీ మనిషినట.

నాయకుణ్ణి ఎవరు చంపేరో నాకు తెలీదు. తెలుసని ఎవరితోనూ అన్లేదు. విచారణ నివేదిక ఇంకా రాలేదు. ఆవిడ మాత్రం, వాళ్ళాయన వస్తాడేమోనని, పెద్దకర్మ చెయ్యనివ్వలేదు.