గరుడపచ్చలోని ఈక

మొన్న మా కోడలి వేలికి బిగువైందని మా అత్తగారి నాటి పచ్చ ఉంగరాన్ని సాగదీయించడానికి బందరు తీసుకువెళ్లాను. నగల కొట్టాయన భూతద్దం పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "అసలు సిసలు గరుడపచ్చండీ. లోపల ఈ చార ఉంది చూశారూ, అదేనండీ సాక్ష్యం" అన్నాడు. ఆయన మెచ్చుకోలుకు సంతోషించాల్సింది పోయి, నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

నా ఈడువాళ్లకు ఆ రాయి మహిమలు కొత్తగా చెప్పక్కర్లేదు. నాగాయలంక దగ్గర మా అత్తవారి ఊళ్లో కళ్లు మండినా, పిల్లలకు మాట తడబడినా ఆ ఉంగరం నానిన నీళ్లకోసం మా గుమ్మంలోకే వచ్చేవారు. చింతగింజంత రాయి, లేత అరిటాకు రంగు, ఎండకు పెడితే లోపల సన్నని చార. అది గరుత్మంతుడి ఈకని, దాని ముందు ఏ విషమూ నిలవదని నమ్మకం. పాము కరిస్తే ఆ ఉంగరాన్ని ఆవుపాల గిన్నెలో వేసేవారు. పాలు పచ్చబారితే గండం గడిచినట్టు, ఇక మనిషిని కదపకూడదు. తెల్లగానే ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. చూసి చెప్పాల్సింది ఆ ఇంటి పెద్దకోడలు, మిగతావాళ్లెవరూ గిన్నెలోకి తొంగిచూడకూడదు.

నేను ఆ ఇంటి పెద్దకోడలిగా కాపురానికి వెళ్లిన ఏడాదే, కోతల రోజుల్లో, చేలో పనలు తిరగేస్తున్న మా ఆడపడుచును రక్తపింజర కరిచింది. పదిహేడేళ్ల పిల్ల, ఆ ఇంట్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. మా మరిది టాక్సీ తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మా అత్తగారు పాలగిన్నె నా చేతిలో పెట్టారు. పాలు తెల్లగా ఉన్నాయి, మల్లెపువ్వులా ఉన్నాయి. చాప మీంచి ఆ పిల్ల బెదురు కళ్లతో, "ఏమైంది వదినా, చెప్పవూ" అంది. నిజం చెబితే దాని గుండె అక్కడే ఆగిపోతుందేమోనని, ఇంత ధైర్యం ఇద్దామని, నా నోరు పడిపోను, "పచ్చబడ్డాయే" అన్నాను. మా మావగారు కండువాతో కళ్లు తుడుచుకుని టాక్సీని పంపేశారు. ఆయన్ని ఆపడానికి నాకు నోరు రాలేదు, కొత్తకోడల్ని, అందరి ముందూ అబద్ధమాడానని ఎలా చెప్పను? ఆ పిల్ల కళ్లు మూసుకుని ఆ పాలు తాగి, నన్ను చూసి నవ్వింది. మధ్యాహ్నానికి చిగుళ్ల నుంచి నెత్తురు మొదలైంది. మళ్లీ బండి దొరికేసరికి ఆలస్యమైపోయింది.

రాయికి మైల సోకి శక్తి పోయిందని మా అత్తగారు బతికినన్నాళ్లూ దాన్నే ఆడిపోసుకున్నారు. నేను పక్కనే కూర్చుని ఊఁ కొట్టాను.

ఇప్పుడు ఆ ఊళ్లో పాము కరిస్తే ఫోను చేస్తారు, అంబులెన్సు వస్తుంది, పాలు చూసి చెప్పమని ఏ కోడలినీ అడగరు. అంత మంచి కాలం వచ్చినందుకు ఆనందపడాలి గాని, నాకు ఏడుపే వస్తోంది. బందరు నుంచి ఇంటికి రాగానే మా కోడలు ఉంగరం పెట్టుకుని, "రాయి నిజమైందేనా అత్తయ్యా?" అని అడిగింది. నిజమైందేనమ్మా అన్నాను. ఆ రోజు ఆ ఇంట్లో అబద్ధమాడింది నేనొక్కదాన్నేనని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.