బెల్టు తుపాకీ కోసం గాజువాక వెళ్లాను

విజయనగరంలో డ్రిల్లు మాస్టారిగా పనిచేస్తున్నాను. ఆదివారాలు క్లబ్బు రేంజిలో గురి చూసి కాల్చడం నాకున్న ఒకే ఒక్క సరదా. అందుకోసం లైసెన్సు తీసుకుని ఒక చిన్న పాయింట్ ట్వంటీటూ రైఫిల్ కొనుక్కున్నాను. ఈ వేసవిలో ఫోన్లో విదేశీ వీడియోలు చూడటం మొదలైంది. మామూలు రైఫిల్‌కు తూటాల బెల్టు తగిలించి, అది పాములా లోపలికి పాకుతుంటే దడదడా కాల్చేస్తుంటారు. గాజువాకలో ఉండే మా నాయుడు బావకు ఒకటి పంపాను. అచ్యుతాపురంలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో వెల్డరుగా పనిచేసే ఆయన ఇనుముతో ఏదైనా చేయొచ్చంటాడు. "గీత గీసి పట్రా బావా, మనకి తెలిసిన లేత్ షాపుంది" అన్నాడు. ఈ ప్రయాణం మొదలైంది అందుకే. సిగ్గుగా ఉన్నా ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

రైఫిల్ ఇంట్లోనే తాళం వేసి ఉంచి, చేత్తో గీసిన కాగితం, లైసెన్సు నకలు జేబులో పెట్టుకుని ఉదయం ఆరున్నర ప్యాసింజరెక్కాను. విశాఖ స్టేషన్లో దిగేసరికి ఎనిమిదయింది. బయటికొచ్చి ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి గాజువాక సిటీ బస్సు పట్టుకుంటే ముప్పై రూపాయల లోపే అవుతుంది. ఓడరేవు దాటాక ఒకవైపు క్రేన్లు, ఇంకోవైపు బొగ్గు గుట్టలు కనిపిస్తాయి. కుడిపక్క కిటికీ దొరికితే వదలకండి. పాత గాజువాక కూడలిలో బావ ఎదురొచ్చాడు. అక్కడి నుంచి షేర్ ఆటోలో పది నిమిషాలు. తొమ్మిదిన్నరకల్లా ఎస్తేరమ్మ గారి లేత్ షాపు ముందున్నాం.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నీలం చీర మీద మగవాళ్ల చొక్కా, ముక్కు మీద కళ్లద్దాలు. తండ్రి పెట్టిన షాపును ఇరవై ఏళ్లుగా ఒక్కతే నడుపుతోంది. ఆ పూట జాలరిపేట పడవ ఇంజనుకు షాఫ్టు నున్నగా తరుగుతోంది. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, నా కాగితం తీసుకుంది. ఒక్క నిమిషం చూసింది.

"ఏటి బాబూ ఇది?"

"రైఫిల్‌కి బెల్టు పెట్టే సామానమ్మా. ఊరికే సరదాకి" అన్నాను.

"సరదాకా? నీ తుపాకీ ఒక గుండు పేలాక మళ్లీ బోల్టు పిడి సేత్తో ఎనక్కి లాగాలా, ఒద్దా?"

"లాగాలి."

"మరి బెల్టు దేనికి? నువ్వు లాగినంత సేపూ అది ఏలాడతా ఉంటాది. దాన్ని దడదడా పేలేటట్టు సేత్తే అప్పుడు అది నీ తుపాకీ కాదు. సివిలియన్లకి నిషేధం. జైలుకెల్లి కూకోవాల."

బావ ఊరుకోలేదు. "నువ్వు సెయ్యకపోతే ఇంకో సోట సేయించుకుంటాం ఎస్తేరమ్మా. తెలిసినదానివని ముందు నీకాడికొచ్చాం."

ఆవిడ కోపగించుకోలేదు. నా లైసెన్సు నకలు అడిగి తీసుకుంది. షరతులున్న పేజీ తిప్పి, షాపులో పనివాళ్లు వింటుండగా గట్టిగా చదివింది. ఒప్పుకున్న తుపాకీ ఏది, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు అనే వివరాలన్నీ అందులో ఉన్నాయి. లైసెన్సు చేతికొచ్చి ఏడేళ్లయినా నేను ఆ పేజీ ఒక్కసారీ చదవలేదు. 

"తుపాకీ తయారు సెయ్యడానికే కాదు, మార్సడానికీ, బాగు సెయ్యడానికీ లైసెన్సుండాల. నాకు నేదు. ఉన్నా ఇది సెయ్యను" అంది. "రెండేళ్ల కిందట ఇలాగే ఒకడు తుపాకీ గొట్టం పట్టుకొచ్చాడు. నాను పొమ్మన్నాను. పక్క వీధిలో సేయించుకున్నాడు. పోలీసులొచ్చి ఆ షాపుకి సీలేసీసేరు. బంగారం లాంటి లేతు, తుప్పట్టిపోతంది బాబూ. ఆ షాపాయనింట్లో నలుగురు ఆడపిల్లలు."

ఆవిడ చేతిలోంచి నా కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాను. బావ నా వైపు చూసి, తల దించుకుని, "లైసెన్సు మీద పేరు నాది కాదు గదా, నీది. ఇరుక్కునీది నువ్వే. నాను ఆలోసించనేదు బావా" అన్నాడు. ఆ మాటతో నాకు మా బావ మీద గౌరవం పెరిగింది.

మేం వెళ్లబోతుంటే ఎస్తేరమ్మ ఆపింది. "గురి కుదరతన్నాదా అసలు?" అని అడిగింది. తుపాకీ ముందుభాగం పట్టుకునే చెయ్యి వణుకుతుందని ఒప్పుకున్నాను. "అయితే ఒక స్టాండు సేసిత్తాను. బల్ల మీద పెట్టుకో. అది తుపాకీలో భాగం కాదు, ఎవరూ అడ్డు సెప్పరు." పట్టీలు, రాడ్లు తనే కోసింది. వెల్డింగు మాత్రం మా బావ చేత చేయించింది. మొదటి అతుకు చూసి, "పర్లేదు, సెయ్యి సక్కగా తిరుగుతంది" అంది. మా బావ ముఖం మెరిసింది. అంత పెద్ద ఫ్యాక్టరీలో కూడా తనకలాంటి మెప్పు దొరకలేదని తర్వాత చెప్పాడు. మధ్యాహ్నం ఆవిడే చేపల పులుసు, అన్నం పెట్టించింది. "సేపలు తాజావి, మొహమాటపడకండి" అంటూ రెండోసారి వడ్డించింది. స్టాండు ఖర్చు ఎనిమిది వందలు. సాయంత్రం నాలుగున్నరకు బస్సెక్కి, ఆరు గంటల రైలు పట్టుకున్నాను.

మా ప్రాంతంలో ఇనుము తెలిసిన చేతులకు లోటు లేదు. ఓడ ఇంజను, రైలు చక్రం, కొలిమి తలుపు, ఏదైనా బాగు చేసి నిలబెడతారు. ఆ చేతులు ఏం చేయగలవో నాకు ముందే తెలుసు. ఏది చేయకూడదో తెలిసి, వచ్చిన గిరాకీ పోయినా లెక్కచేయకుండా "ఒద్దు" అనగల మనిషిని ఆ రోజే చూశాను. రేంజిలో ఎవరైనా ఆ స్టాండు ఎక్కడ చేయించావని అడిగితే, వెయ్యి మాటలు చెప్పాలనిపిస్తుంది. ఛాతీ విరుచుకుని, "మా గాజువాకలో, ఒక పెద్దావిడ" అని మాత్రం చెబుతున్నాను.

ఒక చిన్న సలహా: రైఫిల్‌లో ఏ మార్పు చేయించాలనుకున్నా, ముందు లైసెన్సు షరతులు ఇంట్లో కూర్చుని చదవండి. అనుమానముంటే లైసెన్సిచ్చిన కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. మరమ్మతు పని లైసెన్సున్న డీలరుకే ఇవ్వండి.