డ్రాయర్‌లో మిగిలిన ఎర్ర ట్యాగు

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు, అక్టోబరులో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు నోవైలో కార్ల తలుపులు తయారుచేసే ఒక కంపెనీలో నన్ను వ్యాలిడేషన్ లీడ్‌గా వేశారు. పేరు ఘనమే. పని మాత్రం తలుపులు తెరుచుకుంటున్నాయో లేదో చూడటం. మా అమ్మమ్మ వింటే, దీనికి ఇంజినీరింగు దేనికిరా అనేది.

మేము చేసిన కొత్త తలుపుకి బయట పిడి కనిపించదు. మనిషి దగ్గరికెళ్తే మోటారు దాన్ని బయటికి తోస్తుంది. లోపలా పిడి లేదు, బటనే. ఈ సోకులన్నిటినీ నీళ్ళతో తడిపి, మైనస్ ముప్పై డిగ్రీల కోల్డ్ చాంబర్‌లో పన్నెండు గంటలు ఉంచి, ఆ తర్వాత తెరవాలి. పదింటిలో ఒక్కటి మొరాయించినా ఫెయిలే. మావి మూడు మొరాయించాయి.

డిజైన్ సుధాకర్‌ది. వరంగల్ మనిషి, నలభై నిండలేదు, హెచ్‌-1బి వీసా మీద ఉన్నాడు. తెలివికి వంక పెట్టలేను. గడియ పడే చప్పుడు విని స్ప్రింగులో తేడా చెప్పేవాడు. ఆ తెలివి మీద ఆయనకున్న నమ్మకం మాత్రం తెలివికంటే ఓ మూర ఎక్కువ. జనవరిలో కస్టమర్ల ముందు డెమో, అది గట్టెక్కితే డైరెక్టర్ పోస్టు. ఆ కుర్చీకి కొలతలు కూడా తీసుకున్నాడేమోనని నా అనుమానం.

ఫెయిలైన దాన్ని ముందుకు పంపాలంటే డిజైన్ ఇంజినీరు డీవియేషన్ ఫారం మీద సంతకం పెట్టాలి. లోపం తెలిసే పంపుతున్నాను, బాధ్యత నాదే అని దాని అర్థం. ఆపాలంటే వ్యాలిడేషన్ లీడ్ ఎర్ర ట్యాగు కట్టాలి. అది కడితే వైస్ ప్రెసిడెంట్ కూడా విప్పలేడు.

సుధాకర్ సంతకం పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, డెమో జరిగే పార్కింగ్ లాట్‌ల మైనస్ ముప్పై ఎప్పుడొస్తది చెప్పుర్రి? మార్చిల హీటర్ పెట్టి ఫిక్స్ చేస్త. నేను డైరెక్టరైతే ల్యాబ్ మేనేజర్ మీరే."

వద్దయ్యా, మిషిగన్ చలితో పందేలేమిటని పావుగంట నీతులు చెప్పాను. చెప్పి, ట్యాగుని డ్రాయర్‌లోనే ఉంచి తాళం వేశాను. ల్యాబ్ మేనేజర్‌కి కిటికీ ఉన్న గది ఇస్తారు మరి!

డెమో రోజున మైనస్ ముప్పై అక్కర్లేకపోయింది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టే వాన చాలింది. వైస్ ప్రెసిడెంట్ గారు వెచ్చటి షెడ్డులో కారెక్కి, ఆ వానలో అరగంట డ్రైవ్ చేసుకొచ్చి, కస్టమర్ల ముందు ఠీవిగా ఆపారు. బటన్ నొక్కారు. మళ్ళీ నొక్కారు. నాలుగు తలుపులూ ఏకగ్రీవంగా నిరాకరించాయి. చివరికి ఆరడుగుల ఆ మనిషి సూటులో, డిక్కీలోంచి పాక్కుంటూ బయటపడ్డారు. కస్టమర్లు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

మర్నాడు విచారణ. ఉద్యోగం పోతే ఆ వీసా మీద సుధాకర్‌కి దేశంలో ఉండటానికి అరవై రోజులే గడువు. కూతురు ఇక్కడే నాలుగో క్లాసు చదువుతోంది. మోటార్ సప్లయర్ మీదికి తోసెయ్యి, అందరూ చేసేదే కదా అని చెవిలో చెప్పాను. వినలేదు. ఫారం బల్లమీద పెట్టి, తెలిసే పెట్టాను, సంతకం నాదే అన్నాడు. ఎవరైనా అభ్యంతరం చెప్పారా అని అడిగారు. నా వైపు చూపించి, ఆయన వద్దన్నారు, నేనే వినలేదు అన్నాడు.

ఆ మాటకి నాకు చచ్చేంత సిగ్గేసింది. అయినా నోరు మెదిపితే ఒట్టు.

సాయంత్రానికి ఆయన్ని తీసేశారు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్క, కుటుంబంతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు. ముందే హెచ్చరించిన దూరదృష్టికి గాను నన్ను ల్యాబ్ మేనేజర్‌ని చేశారు. ట్యాగు ఎందుకు కట్టలేదని ఎవరూ అడగలేదు.

వద్దని నోటితో చెప్పడం వ్యాలిడేషన్ లీడ్ పని కాదు, ట్యాగు కట్టడం పని. సుధాకర్ తన సంతకానికి జవాబు చెప్పి వెళ్ళాడు. నేను కిటికీ ఉన్న గదిలో దాదాపు ఆరేళ్ళు పనిచేసి, పూర్తి గౌరవాలతో రిటైరయ్యాను.