పచ్చిక కోసం నరికిన మునగలు

జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో తోట పెంచే పని మా సంస్థ నాకు అప్పగించింది. ఏ మొక్కలు కావాలని పిల్లల తల్లులను అడిగితే మునగ, ఉసిరి, జామ అన్నారు. వాళ్లే ముళ్లకంచె కట్టారు. ఎండాకాలమంతా బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోశారు. మునగలు పూతకొచ్చాయి.

అంతలో విదేశీ దాతలు చూడటానికి వస్తున్నారని, మా పెద్దసారు నాకు చెప్పకుండా కూలీలను పంపాడు. నేను వెళ్లేసరికి చెట్లన్నీ నరికి గోడ పక్కన కుప్పేశారు. ఆ చోట పచ్చిక పరుస్తున్నారు.

"మా చెట్లు ఏం పాపం చేసినయ్ మేడమ్?" అని ఒక తల్లి నిలదీసింది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే పెద్దసారు, "పార్కులాగా కనిపించాలమ్మా, ఫొటోలు బాగా రావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

దాతలు వచ్చిన రోజు వాళ్ల ముందు ఆయన, "ఇది ఊరివాళ్లు చేతులారా పెంచిన తోట" అని చెబుతుంటే ఆగలేకపోయాను. "కాదు సార్, వాళ్లు పెంచింది అదిగో" అని వాడిపోయిన కుప్పను చూపించాను. వారం తిరక్కుండా నన్ను ఖమ్మం ఆఫీసులో కూర్చోబెట్టారు.

కొన్నాళ్లకు సొంత ఖర్చులతో బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. పచ్చికలో మేకలు మేస్తున్నాయి.

"మేమే తోలినం," అంది ఆనాడు నన్ను నిలదీసిన తల్లి.

"మళ్లీ తోట పెడతారా?"

"మీ ఆఫీసోళ్లు రాకుంటే పెడతం."

ఆ 'మీ'లో నేనూ ఉన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది, ఆమె మీద మాత్రం కాదు.