తైదంబలికి పత్తెం

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, రోజుకో మాత్ర ఏళ్ల తరబడి వేసుకోవాలని పాలమూరు దవాఖానలో డాక్టరమ్మ చెప్పి పంపింది. అమ్మను మక్తల్‌లో నా కిరాయి ఇంటికి తెచ్చుకున్నాను. మాత్రల పని మాత్రలు చేస్తాయి, మరి నేనేం చేయాలి? చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు నేను. హైస్కూల్లో సైన్సు చెప్తాను. నాకు తెలియంది ఉండకూడదు.

ఫోన్లో వెతగ్గా వెతగ్గా పాలీఫినాల్స్ అనే మాట దొరికింది. మొక్క తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థాలు. పసుపులో, నేరేడు పండులో, రాగుల పొట్టులో, అదే మా తైదల పొట్టులో ఉంటాయట. గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి పెరగడం తగ్గిందట. గాజు పళ్లెం అన్న మాట చదివాను. చదివి దాటేశాను. మా పిల్లలు పరీక్షలో ఆ మాట వదిలేస్తే సగం మార్కులు కోసేదాన్ని.

మర్నాడే తైదలు తెచ్చి పిండి పట్టించాను. అమ్మ జల్లెడ పట్టబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను.

"పొట్టు పోనియ్యకమ్మా, గుణమంతా అండ్లనే ఉంది."

అంబలి గిన్నె చూసి అమ్మ నవ్వింది. కూలికి పోయి బతికిన మనిషి, బుద్ధెరిగినప్పటి నుంచి తాగింది అదే.

"చిన్నప్పటి సంది గిదే తాగితిని గద బిడ్డా. మరి గీ రోగం నాకెట్లొచ్చె?"

ఆగి ఆలోచించాల్సిన ప్రశ్న. నాకు నోరెక్కువ.

"అప్పుడు తిండి లెక్క తాగినవ్. ఇప్పుడు మందు లెక్క తాగు" అన్నాను.

ఆ మాట మా ఇంట్లో ఏం చేస్తుందో నాకు తెలిసి ఉండాలి. చిన్నప్పుడు నాకు కామెర్లయితే ఆకుపసరు తాగించి, ఉప్పూ కారం బందు పెట్టి, దవాఖాన గోలీ ఒక్కటీ నోట్లో పడకుండా కాపలా కాసింది మా అమ్మే. మా దగ్గర మందంటే దానికి పత్తెం ఉంటుంది. రెండు మందులు కలిస్తే ఒకదాన్నొకటి చంపేస్తాయంటారు.

తర్వాత అమ్మ అన్నం మానేసింది. రేషన్ షాపులో సన్నబియ్యం ఇవ్వడం మొదలైన రోజులవి. జీవితమంతా దొడ్డుబియ్యం తిన్న మనిషి, ఆ సన్నబియ్యం గుప్పిట్లోకి తీసుకుని చూసి, మళ్లీ సంచిలో పోసింది. "నాకొద్దులే బిడ్డా" అంటే, అంబలి ఇష్టపడుతోందనుకున్నాను. స్టాఫ్‌రూంలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. నడుము నొప్పంటే వయసన్నాను.

నొప్పి తగ్గకపోతే దవాఖానకు తీసుకుపోయాను. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగింది.

"అవి ఎప్పుడో బందు వెట్టిన మేడం. మా బిడ్డ మందిస్తుంది గద! రెండు మందులు ఎట్ల మింగుత?"

గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. తైదంబలి అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మంచి తిండే. కానీ అందులోని ఆ పదార్థాలు కడుపులోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. గాజు పళ్లెంలో జరిగింది ఒంట్లో జరుగుతుందని చెప్పలేం. మాత్రకు బదులు కాదమ్మా అది."

పరీక్షలు చేస్తే జబ్బు ఎముకల్లోకి పాకిందని తేలింది. మాత్రలు ఆపకపోయుంటే ఆగేదా అని అడిగాను. చెప్పలేమంది. మీ వల్లేనని తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి చూస్తే తైదల డబ్బా వెనక గుడ్డ సంచిలో మాత్రలన్నీ ఉన్నాయి, పట్టీలు చింపకుండా. ప్రతిసారీ నేనే తెచ్చి చేతికిచ్చినవి. మింగిందో లేదో ఒక్కనాడూ చూడలేదు. అంబలి మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేదాన్ని.

డాక్టరమ్మ మందులు మార్చింది. ఈసారి ఒక్కొక్కటీ నా కళ్లముందే మింగించాను. అయినా అమ్మ మంచం పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా పడేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం స్కూలు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని అడిగింది.

"బిడ్డా, పత్తెం అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"అయితే జర సన్నబియ్యం బువ్వ పెట్టు."

మెత్తగా వండి, పెరుగు కలిపి నోటికందించాను. రెండు ముద్దలు తిన్నది. మూడోది మింగలేకపోయింది.