చివరి నల్లా మా సైదులుది

సైదులు లేడు.

నిన్న పొద్దున కోదాడ బస్టాండ్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే పోయాడట.

ముందురోజే మాట్లాడాడు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మిర్యాలగూడలో ఇద్దరం కలిసి డిప్లొమా చదివాం. నేను సిమెంట్ వ్యాపారంలో పడ్డాను. వాడు సూర్యాపేట మున్సిపాలిటీలో నీళ్ల ఇంజనీర్ అయ్యాడు.

వాడికో పిచ్చి. పైప్‌లైన్ ఎక్కడ ఆగుతుందో ఆ చివరి ఇంట్లోనే కిరాయికి ఉండేవాడు.

"నా నల్లాకు నీళ్లొచ్చినయంటే ఊరంతటికి వచ్చినట్టేరా. ఇగ ఎవర్నీ అడిగే పన్లేదు" అనేవాడు.

ఊరు ఆగదు కదా. అవతల కొత్త వెంచర్ పడేది, లైన్ అక్కడిదాకా సాగేది. వాడు మళ్లీ సామాన్లు సర్దేవాడు. వదిన తిట్టుకుంటూ వెనకాలే వెళ్లేది. నీళ్లు రాకపోయినా గుమ్మం ముందుకు ట్యాంకర్‌ను మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఒకసారి ఫోన్ చేసి ఒకటే సంబరం. "మా ట్యాంకు నిండిందిరా. ప్రెషర్ ఈడిదాకా వచ్చింది."

ఆఫీసులో స్వీట్లు కూడా పంచాడు.

సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. పిల్లల స్నానాలకు నీళ్లు చాలక, వదిన వాడికి చెప్పకుండా నల్లాకు మోటారు బిగించింది. పక్కిళ్లకు నీళ్లు అందవని ఊళ్లో అందరి మోటార్లూ ఊడబీకించే మనిషి ఇంట్లోనే మోటారు. తన చేత్తోనే విప్పి ఆఫీసులో అప్పజెప్పాడు. వదిన చాలా రోజులు మాట్లాడలేదు. ఆ స్వీట్ల గురించి మేం ఏళ్ల తరబడి ఆటపట్టించాం.

ఈమధ్య వాడు నవ్వడం మానేశాడు.

"కాలనీలు పెరుగుతున్నయి, కరెంటు బిల్లు పెరుగుతున్నది. పంపు జర ఎక్కువ సేపు నడుపుదామంటే బిల్లెవరు కడ్తరంటరు. పన్ను పెంచుదామంటే ఓట్లు పోతయంటరు. నా ఇంటిదాక నీళ్లు ఇగ రావురా."

మొన్న కూడా అదే మాట. వాడు చెప్పింది నిజం.

నిన్న మధ్యాహ్నం వాడికి ఆఖరి స్నానం చేయించాలి. వదిన నల్లా తిప్పింది.

గాలి వచ్చింది.

డ్రమ్ములో అడుగున కాసిన్ని ఉన్నాయి. అవి చాలవు.

చివరికి ట్యాంకర్ తెప్పించాం.

అది గుమ్మం ముందు ఆగగానే వదిన వాడి పక్కన కూర్చుని, "ఏమనుకోకయ్యా. ఈ ఒక్కసారికి" అంది.

ఆ ఇంట్లోకి ఇంకో ఇంజనీర్ కిరాయికి వస్తాడని నేననుకోను.

పోయిరా సైదులూ. ఇక పంపు టైమ్ చూసుకునే పనిలేదు. ప్రశాంతంగా పడుకోరా.