కాంటా అన్న టీవీకెక్కిన ఏడాది

చెరుకు బండ్ల వరుసలో రోజున్నర కూర్చున్న రైతును నవ్వించడం ఎంత కష్టమో బోధన్ వాళ్లకే తెలుసు. సీజన్ మొదలైందంటే ఫ్యాక్టరీ గేటు నుంచి కనుచూపు మేర బండ్లే. ఎద్దులను విప్పి కట్టేసి, మూడు రాళ్ల మీద చాయ కాచుకుంటూ, తన వంతు ఎప్పుడొస్తుందో తెలియక, కోసిన చెరుకు ఎండిపోతోందని లోలోపల ఉడికిపోతుంటాడు మనిషి. అలాంటి వాడి ముందు నిలబడి, మైకు లేకుండా, మొహానికి రంగు లేకుండా, ఒట్టి మాటలతో పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వించేవాడు మా కాంటా అన్న.

గేటు దగ్గర బండ్లు తూచే కాంటా మీద అతనిది సీజన్ నౌకరీ. అందుకే ఆ పేరు. డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా వరుస వెంబడి నడిచేవాడు. ఎవరో ఒకరి ముందు ఆగి, "ఏ ఊరు పటేలా?" అనేవాడు. ఆయన ఊరి పేరు చెప్పడమే ఆలస్యం, ఆ ఊరికి తాను చుట్టపు చూపుగా పోయినట్టు, ఊరంతా చెరుకు తోటలే అయినా చాయలోకి చిటికెడు చక్కెర లేక ఇంటావిడ పక్కింటికి ఉరికినట్టు, ఆ పక్కింటామె ఈ ఇంటికే ఎదురు వస్తున్నట్టు మొదలుపెట్టేవాడు. చెబుతున్నంతసేపూ ఆ ఒక్క మనిషి మొహమే చూసేవాడు. అక్కడ మూతి కొంచెం వంకర తిరిగితే చాలు, కథను అటే తోసేవాడు.

అతనికి అభిమానులు చాలామందే ఉన్నా గట్టివాళ్లం ముగ్గురం. ఒకరు స్టేషన్ రోడ్డులో కుట్టు మిషన్ పెట్టుకున్న దర్జీ భాయ్. రెండో ఆయన మోస్రా ఊరి పటేల్. ఈయన ఒకసారి నవ్వుతూ నవ్వుతూ తన వంతు వచ్చింది కూడా చూసుకోలేదు. వెనక బండ్లు ఏడో ఎనిమిదో ముందుకు వెళ్లిపోయాయి. అంత జరిగినా కాంటా అన్నను ఒక్క మాట అనలేదు సరికదా, ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడు. మూడోవాణ్ని నేను, బడిపంతుల్ని. నాకు నోటి దూల ఎక్కువ, తెలియని విషయంలో మరీ ఎక్కువ. ఈ కథంతా దానివల్లనే వచ్చింది.

హైదరాబాదులో టీవీ మొదలైన కొత్త రోజులవి. అక్కడి టీవీ ఆఫీసు మనిషి ఒకాయన ఎవరి పెళ్లికో మా వైపు వచ్చి, చెరుకు బండ్ల వెనక జీపు ఇరుక్కుపోయి, దిగి నడుస్తూ కాంటా అన్నను చూశాడు. నెల తిరగకుండా పిలుపు వచ్చింది. కాంటా అన్న పోయి, పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. దాన్ని ఒక ఆదివారం సాయంత్రం వేశారు.

మా బోధన్‌లో అప్పటికి టీవీ లేదు. ఉన్నా హైదరాబాదు బొమ్మ ఇంత దూరం రాదన్నారు. మాకు చేరిందల్లా ఒక పోస్టుకార్డు. దర్జీ భాయ్ అక్క పాతబస్తీలో ఉండేది, ఉర్దూలో రెండే రెండు వాక్యాలు రాసింది. మీ వాడు వచ్చాడు, అందరం చూశాం. బాగున్నాడు.

ఆ రెండు వాక్యాల మీద మేం ముగ్గురం వారం రోజులు చర్చ చేశాం. మొదట్లో నెమ్మదిగా మాట్లాడి, చివర్లో అందుకుని ఉంటాడని నేనన్నాను. కాదు, మొదటి మాటతోనే పడగొట్టి ఉంటాడని భాయ్. పటేల్‌కైతే తమ మోస్రా పేరు ఎత్తి ఉంటాడని ఎక్కడలేని నమ్మకం. కనబడని దాని గురించి కొట్లాడుకోవడంలో ఒక సుఖం ఉంది. కాదనేవాడు ఎవడూ ఉండడు.

ఒక మధ్యాహ్నం భాయ్ కుట్టు దుకాణంలో చర్చ జోరుగా ఉండగా కాంటా అన్నే లోపలికి వచ్చాడు. బల్ల మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ, "ఎట్లుండెనే నాది?" అన్నాడు. ఆ గొంతులో అంత బెదురు నేనెప్పుడూ వినలేదు.

"మస్తుండె," అన్నాడు భాయ్.

"ఏం జెప్పాలె, తీరుగ ఉండె," అన్నాడు పటేల్.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. "ఆఖర్ల నువ్వు కనుబొమ్మలు ఎత్తి ఒక చూపు చూసినవ్ చూడు అన్నా, గదీ అసలైన దెబ్బ!" అన్నాను, కళ్లారా చూసినట్టు.

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత మొహం విప్పారింది. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. టీవీ వాళ్లు హైదరాబాదుకు మకాం మార్చమంటున్నారట, నెలనెలా కార్యక్రమం ఇస్తామంటున్నారట. ఇక్కడేమో ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న పర్మినెంటు నౌకరీ ఈసారి అతనికి వచ్చేట్టుంది. ఆర్డరు వచ్చే రోజుకు ఇక్కడ లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. "ఇంట్ల నా పెండ్లాం వద్దంటున్నది. మీరు గింత మంచిగుందంటుండ్రు గదా. పోతనే. ఇంకొక్కటి చేసొచ్చి ఈడ రాజీనామా ఇస్త," అన్నాడు.

అతను వెళ్లాక గానీ మేం చేసిన పని మాకు తలకెక్కలేదు. చూడని దాన్ని బాగుందని చెప్పి ఒక మనిషి నౌకరీకి ఎసరు పెట్టాం. నా కనుబొమ్మలు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. అతను రాజీనామా ఇచ్చేలోపు ఆ రెండోదాన్ని ఎలాగైనా కళ్లతో చూడాలని తీర్మానించుకున్నాం.

అది వేసే ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరి, నిజామాబాదులో రైలెక్కి, సాయంత్రానికి పాతబస్తీ చేరాం. భాయ్ అక్క మమ్మల్ని పక్కింటికి తీసుకుపోయింది. గది నిండా జనం, మూలన బల్ల మీద టీవీ. కాంటా అన్న వచ్చాడు. ఎవరిదో బిగుతు కోటు, నూనె పెట్టి దువ్విన తల. పటేల్ సంతోషం పట్టలేక నా తొడ మీద ఒక్కటి చరిచాడు.

మాటలు అవే, మాకు తెలిసినవే. చక్కెర లేని ఊరి కథే. కానీ ఒక మాట చెప్పి, నవ్వు కోసం ఆగుతున్నాడు. నవ్వు రావడం లేదు. బండ్ల వరుసలో ఆ సందులో పదిమంది పగలబడి నవ్వేవాళ్లు. ఇక్కడ టీవీలోంచి సన్నగా బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. అతని కళ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఆ ఇంటి ముసలమ్మ పాన్ నములుతూ భాయ్‌ని అడిగింది: "కిస్కు ఢూండ్ రా యె?"

ఎవర్ని వెతుకుతున్నాడు ఈయన అని. మేం ముగ్గురం తలలు దించుకున్నాం.

తిరుగు రైల్లో గొడవ. "సెప్పొద్దు సారూ, మనిషి ఇరుగుతడు," అన్నాడు పటేల్. "కోటు బిగుతుంటే ట్రయల్ నాడే జెప్పాలె. పెండ్లి నాడు జెప్తె ఏం ఫాయిదా?" అన్నాడు భాయ్. కనుబొమ్మలు నావి కాబట్టి చెప్పే పని నాకే పడింది.

మర్నాడు కాంటా దగ్గరికి పోయాను. మొదటిది మేం చూడలేదని చెప్పాను. నిన్నటిది చూశామని, అది బాగాలేదని కూడా చెప్పాను. అతను వరసగా మూడు బండ్లు తూచాడు.

"మరి కనుబొమ్మలు?" అన్నాడు.

"నేనే కల్పించిన అన్నా."

"నాకెర్కే. నేను ఆ దినం కనుబొమ్మలు ఎత్తనే లేదు. లైట్లకు కండ్లు తెరుసుడే కష్టమైంది," అన్నాడు. ఆ రోజే అడిగేయొచ్చు కదా అంటే, "మీరు బాగుందంటుంటె ఇంకా ఇనబుద్దయింది సారూ," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత అతనే చెప్పాడు. అక్కడ చప్పుడు చేయకూడదట, అందరూ నోళ్లు మూసుకుని నిలబడతారట. "ఎవని మొకం జూసి జెప్పాలె? గా కెమెరా డబ్బా మొకమా?" అన్నాడు. ఇంకొక్కసారి చేస్తానని, ఈసారి ఎదురుగా ముగ్గుర్ని కూర్చోబెట్టమని అడుగుతానని అన్నాడు. ఆ ముగ్గురు ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. టీవీ ఆయన మంచివాడు, ఒప్పుకున్నాడు.

అలా మేం టీవీ ఆఫీసు లోపలికి పోయాం. పటేల్ కొత్త రుమాలు చుట్టి వచ్చాడు. తీరా లైట్లు వేసేసరికి కలెక్టరు ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయాడు. మా ఇద్దరిదీ అదే తీరు. నవ్వడానికి వచ్చి నవ్వు మరిచిపోయాం. కాంటా అన్న మా మొహాలు వరసగా చూశాడు. రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పటేల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏ ఊరు పటేలా?"

ఆయన ఊపిరి బిగబట్టి, "మోస్రా," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. పటేల్ రుమాలు జారి ఒళ్లో పడటం, కెమెరా పట్టుకున్నాయన భుజాలు ఊగడం మాత్రం గుర్తుంది. చప్పుడు చేయొద్దన్నవాళ్లే నవ్వారు.

అయినా కాంటా అన్న హైదరాబాదుకు మారలేదు. పర్మినెంటు తీసుకున్నాడు, ఫ్యాక్టరీ బంద్ ఉండే వానాకాలంలో మాత్రం ఒకటి రెండుసార్లు పోయి చేసి వచ్చేవాడు. పోయి ఉంటే సినిమాల్లో కనిపించేవాడని భాయ్ ఎప్పుడూ వాదించేవాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. బండ్ల వరుస నుంచి అతణ్ని తీసుకుపోతే అతనిలో ఏం మిగులుతుంది? పటేల్ మాత్రం తన ఊరు టీవీలో వచ్చిందన్న సంతోషంలో ఎటూ మాట్లాడేవాడు కాదు.

మేం కూర్చున్న ఆ కార్యక్రమం వేసిన ఆదివారం మేం బోధన్‌లోనే ఉన్నాం. చూసే దారి లేదు. ఎంత తలుచుకున్నా మా నవ్వు ఎలా వినిపించిందో మాకు తెలియదు. రెండు రోజుల తర్వాత కాంటా అన్న దుకాణానికి వచ్చి, వెనకటిలాగే బల్ల మీద కూర్చున్నాడు.

"ఎట్లుండెనే?" అన్నాడు.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఈసారి నేనే ముందు నోరు తెరిచాను.

"మేం చూడలేదన్నా."

అతను నవ్వాడు. "పోనీ తియ్యుండ్రి. నేను సూసిన గద మిమ్ముల," అన్నాడు.